కాటా ఎటు మొగ్గింది

ఆవిడకు కూర్చోవడం చేతకాదు. కుర్చీ ఉంటే దాని వెనక నిలబడుతుంది, మంచం ఉంటే అంచున ఆనుకుంటుంది, బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఊగుతూ ప్రయాణం చేస్తుంది. పెళ్లయిన కొత్తలో అత్తగారు కొడుకుని పక్కకు పిలిచి, "ఏరా, పిల్ల కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది, నువ్వేమన్నా అన్నావా?" అని నిలదీసిందట. అనేంత నోరు ఆయనకెక్కడిది? డ్రైవింగ్ నేర్పడం ఆయన ఉద్యోగం. నేర్చుకునేవాళ్లు బండిని తిన్నగా గోడ మీదికి పోనిస్తున్నా, "నెమ్మదిగా అండీ, కంగారేం లేదు" అనే బాపతు మనిషి. ఆ ఇంటికి రావలసిన నెమ్మదంతా ఆయనొక్కడే పట్టుకుపోయాడు.

పొద్దున్నే అత్తగారి బీపీ చూడటం ఆవిడ వంతు. ఒకసారి చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. మూడుసార్లు చూసి, ఎక్కువొచ్చింది, తక్కువొచ్చింది తీసేసి మధ్య అంకె రాసుకుంటుంది.

"మొదటిది లెక్కలోకి రాదు అత్తయ్యా. మీరప్పుడు కంగారుగా ఉన్నారు."

"కంగారెందుకొస్తోందే? నువ్వా పట్టీ బిగిస్తుంటే వస్తోంది. చెయ్యి తిమ్మిరెక్కింది తల్లీ, వదులు. ముందు కాఫీ ఇయ్యి."

"ఇంకొక్క నిమిషం."

"నీ మధ్య అంకె ఎవరిక్కావాలి? నాకు తల తిరుగుతోంది, అది రాసుకో."

నవ్వుతారేమో గానీ, ఆవిడకు జీతమిచ్చేది సరిగ్గా ఈ పనికే. ఆవిడ పనిచేసే చోట కెర్నల్ తయారుచేస్తారు. కంప్యూటర్‌లో మన కంటికి కనబడేవన్నీ పై వేషాలు. అడుగున ఒక ప్రోగ్రాము కూర్చుని ఎవరికెంత మెమరీ, ఎవరికెంతసేపు ప్రాసెసర్, ఎవరి తర్వాత ఎవరు అని పంచిపెడుతూ ఉంటుంది. అది కెర్నల్. దానిలో ఒక్క వరుస మార్చినా పైన వేల ప్రోగ్రాములు పుంజుకోవచ్చు, చతికిలబడనూ వచ్చు. అందుకని ఎవరు ఏ మార్పు చేసి పంపినా ముందు దాన్ని తూచాలి. ఆ తూచే పని మనుషులది కాదు. మార్పుకు ముందున్న కెర్నల్‌నూ, తర్వాతి కెర్నల్‌నూ ఒకే కంప్యూటర్ మీద ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి, రెండింటికీ అవే పరీక్షలు పెట్టి, తేడా ఎంతో మెయిల్ కొట్టే ఏర్పాటొకటి ఉంది. ఆఫీసులో దాన్ని కాటా అంటారు.

కాటా మెయిల్‌లో తీర్పు ఉండదు. ఫలానా పరీక్ష, ముందు ఇంత, తర్వాత ఇంత, మైనస్ ఒకటిన్నర శాతం, అంతే. ఒకటిన్నర శాతం అంటే కొంప మునిగినట్టా, ఏమీ కానట్టా? అది చెప్పడం ఆవిడ పని. ఒకే పరీక్షను పదిసార్లు నడిపితే పది జవాబులొస్తాయి. గదిలో వేడెక్కువైనా, పక్కనే వేరే పని ఏదైనా లేచి కూర్చున్నా అంకె కదిలిపోతుంది. తమలో తమకే రెండు శాతం తేడా ఉన్న జవాబుల మధ్య ఒకటిన్నర శాతం తగ్గిందని చూపించి ఒకడి తల తినడం అన్యాయం. అలాంటివాటి కింద ఆవిడ "ఊగిసలాట" అని రాస్తుంది. పదికి పదిసార్లూ ఒకే వైపు, ఒకే అంత మొగ్గితే "నిజం" అని రాస్తుంది. మార్పు చేసిన మనిషికి ఆ మాట చేరిందంటే, అతను తన పని విప్పి మళ్లీ కుట్టుకోవాల్సిందే.

ముందు "మేడమ్" అన్నా, వెనక అందరూ ఆవిడను జల్లెడ అంటారు. ఆవిడకు తెలుసు. లోలోపల సంతోషమే. పొల్లు పట్టడంలో తన చెయ్యి తిరుగులేనిదని ఆవిడ నమ్మకం. ఊగే ముల్లును చూడగానే పసిగడుతుంది. ఊగని ముల్లును మాత్రం కళ్లు మూసుకుని నమ్ముతుంది. అక్కడే దెబ్బ తింది.

ఆ టీములో ఒకాయనున్నాడు. యాభై దాటినవాడు, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటాడు, లిఫ్టులో ఎక్కేవాళ్ల కోసం తలుపు పట్టుకుని చివరికి తను బయటే మిగిలిపోతాడు. ఆయన్ని నత్త అంటారు. మాట నెమ్మదని కాదు. ఆయన పంపే మార్పులు కెర్నల్‌ను నెమ్మది చేస్తాయని. రెండేళ్లుగా కాటా చెబుతున్నదదే. అందరి మార్పులూ ఒకసారి అటు, ఒకసారి ఇటు ఉంటాయి. ఈయనవి మాత్రం తప్పకుండా కిందికే. ఆవిడ పదిసార్లు చూసి, ఎక్కడా ఊగకపోయేసరికి, మనసు చంపుకుని "నిజం" అని రాసి పంపేది. ఆయన "చిత్తమండీ, మళ్లీ చూస్తాను" అని జవాబిచ్చేవాడు. వాదించినా బాగుండేదని ఆవిడకు చాలాసార్లు అనిపించింది.

ఆయనకు ఇంకో అలవాటుంది. ప్రతి మార్పుకూ ఒక శీర్షిక పెట్టాలి. మిగతావాళ్లు "తాళం సవరణ" అనో, "మెమరీ ఫిక్స్" అనో రెండు ముక్కలు పారేసి చేతులు దులుపుకుంటారు. ఈయన శీర్షికలు చదవడానికి ఊపిరి పీల్చుకోవాలి. "ఫైలు మూసేటప్పుడు పట్టుకున్న తాళాన్ని కొంచెం ముందే వదిలేయడం, ఎందుకంటే దాని కోసం అవతల ఇంకెవరైనా కాచుకుని ఉండవచ్చు" అన్నది ఒక శీర్షిక. తాళమంటే, ఒక ప్రోగ్రాము వాడుకుంటున్నదాన్ని ఇంకొకటి ముట్టుకోకుండా ఆపేది. ఎందుకింత అని కుర్రకారు వేళాకోళం చేస్తే, "నా తర్వాత వచ్చేవాడు ఇదెందుకు చేశాడా అని తల పట్టుకోకూడదు కదండీ" అనేవాడు. నత్త తన ఇల్లు తనే మోసుకొస్తోందని వాళ్లు ఇంకాస్త నవ్వుకునేవాళ్లు.

ఆ రోజు పొద్దున మేనేజరు ఆవిడ సీటు దగ్గరికే వచ్చాడు. వయసులో ఆవిడ తమ్ముడంత ఉంటాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, ఎదుటివాడి మొహం చూసి మాట్లాడటం కంటే గ్రాఫు చూసి మాట్లాడటం సుఖమనుకునే తరహా.

"మేడమ్, సాయంత్రం డైరెక్టర్ గారితో మీటింగ్. మన టీములోంచి ఒకరిని సపోర్టుకు పంపాలి. మన నత్తగారి రెండేళ్ల నంబర్లన్నీ కలిపి ఒక గ్రాఫ్ వేసిపెట్టండి."

"ఆయన్ని పంపిస్తారా?"

"ఇంకెవర్ని పంపను? మీ కాటాయే చెబుతోందిగా."

"కాటా నాదేంటి సార్?"

"కింద 'నిజం' అని రాసేది మీరే కదండీ" అని నవ్వి వెళ్లిపోయాడు.

సపోర్టు అంటే కింది అంతస్తులో, చెవికి ఫోను తగిలించుకుని, ఎప్పుడో అమ్మిన సరుకు మీద వచ్చే తిట్లు వినే విభాగం. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ పైకొచ్చి కెర్నల్ ముట్టుకున్న దాఖలా లేదు. ఈ వయసులో అక్కడికి పంపడమంటే, నీకు ఈ పని రాదని మెడ పట్టి చెప్పడమే. సాయంత్రం లోగా తన చేత్తో గ్రాఫు గీసి ఆ మాట తనే చెప్పాలి.

గీయడానికి నిలబడింది. నిలబడే గీస్తుంది. చుక్కలు ఒక్కొక్కటే తెర మీద పడుతున్నాయి. మైనస్ అయిదు. మైనస్ అయిదుకు కాస్త ఇటు. మైనస్ అయిదుకు కాస్త అటు. చివరికి చూస్తే చుక్కలన్నీ స్కేలు పెట్టి కొట్టినట్టు ఒక గీత మీద నిలబడ్డాయి. ఆవిడ నీళ్లు తాగడానికి వెళ్లి, తాగకుండానే తిరిగొచ్చింది. తప్పులు చేసేవాడు ఒక్కోసారి ఒక్కో తప్పు చేస్తాడు. ఒకటి అర శాతం, ఒకటి పన్నెండు శాతం. తాళాల్లో తప్పుకూ, మెమరీలో తప్పుకూ, ఫైళ్లలో తప్పుకూ అన్నింటికీ కొలిచినట్టు అదే అయిదేమిటి? ఈ మాట రెండేళ్లలో తనకెందుకు తట్టలేదు? ఒక్కొక్క మెయిలూ విడిగా వచ్చింది, విడిగా చూసింది, విడిగా "నిజం" అని రాసింది. పక్కపక్కన పెట్టి ఎన్నడూ చూడలేదు.

అంతకుముందు రోజు ఆయన పంపిన మార్పునే తీసుకుని, కాటా వాడే కంప్యూటర్ మీదనే, అదే పరీక్షను తన చేత్తో నడిపింది. పదిసార్లు. తేడా లేదు. కాటాతో నడిపించింది. మైనస్ అయిదు. మళ్లీ చేత్తో. తేడా లేదు. మళ్లీ కాటాతో. మైనస్ అయిదు. ఎన్నిసార్లు చేసినా రెండూ తమ తమ మాట మీద నిలబడ్డాయి. రెండూ ఊగడం లేదు. ఊగితే ఆవిడకు ప్రాణం హాయిగా ఉండేది. పక్క సీటు అమ్మాయి "మేడమ్, మీరలా పచార్లు చేస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది. ఆవిడ వినిపించుకోలేదు.

వెళ్లి నత్త సీటు పక్కన నిలబడింది. ఆయన గబగబా లేచాడు. ఆవిడ తన దగ్గరికొచ్చిందంటే మంచి వార్త కాదని ఆయనకు అలవాటైపోయింది.

"నిన్నటి మార్పు మళ్లీ ఒకసారి పంపిస్తారా?"

"ఏం మార్చమంటారండీ అందులో?"

"ఏమీ మార్చొద్దు. అక్షరం కూడా కదపొద్దు. కొత్తగా పంపినట్టు పంపండి."

"అదే పంపితే అదే వస్తుంది కదండీ." ఆయన గొంతు పెంచలేదు గానీ, మెడ దగ్గర గుండీ వేలితో తిప్పుకుంటున్నాడు. "సాయంత్రం మీటింగ్ సంగతి నాకూ తెలుసు. గ్రాఫులో ఇంకో చుక్క తక్కువైందా?"

ఆయన నోట ఆవిడ విన్న మొదటి కోపం మాట అదే. చెంపదెబ్బ తగిలినట్టు తగిలింది. తప్పు తనదో, ఆయనదో, కాటాదో ఆ క్షణానికి ఆవిడకు తెలియదు. తెలియని మాట ఎలా చెబుతుంది? "పంపండి, దయచేసి" అని మాత్రం అని వచ్చేసింది.

పంపాడు. మార్పు అక్షరం తేడా లేకుండా అదే. శీర్షిక చోట మాత్రం ఒకే ఒక్క మాట ఉంది. "మార్పు". ఎవరి కోసం రాయాలి, ఎందుకు రాయాలి అని విసిగిపోయిన చెయ్యి కొట్టిన మాట అది. ఆవిడ దాన్ని చూసి బాధపడి, కాటాకు ఎక్కించి, ఆ కాసేపూ వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది. కాఫీ మెషిన్ దగ్గర ఎవరో పలకరిస్తే ఏదో అంది. తిరిగొచ్చి చూస్తే, తేడా లేదు. సున్నా. పదికి పదిసార్లూ సున్నా.

ముందు కాటా చెడిపోయిందనుకుంది. తర్వాత తనకు మతి పోయిందనుకుంది. నిన్నటికీ ఈవాళ్టికీ మధ్య కెర్నల్ ఒకటే, కంప్యూటర్ ఒకటే, పరీక్ష ఒకటే. వేరైనది ఏమిటి? పెద్ద శీర్షిక పోయి చిన్న శీర్షిక వచ్చింది. శీర్షిక మనుషులు చదువుకోవడానికి పెట్టేది, కంప్యూటర్‌కు దాంతో ఏం పని? అంతలోనే తట్టింది. పని ఉంది. కాటా ప్రతి మార్పుకూ దాని శీర్షిక పేరుతోనే ఒక ఫోల్డర్ తెరిచి, ఆ ఫోల్డర్లో పరీక్ష నడుపుతుంది. పాత కెర్నల్‌కు మాత్రం "పాత" అని పొట్టి పేరు ఫోల్డర్. చేత్తో నడిపినప్పుడు తన ఫోల్డర్ పేరు "టెస్ట్".

ఏ ప్రోగ్రాము అయినా లేచేటప్పుడు తాను ఏ ఫోల్డర్లో ఉందో ఆ పేరు కూడా మెమరీలో వెంట ఉంచుకుంటుంది. పేరు పొడవైతే, దాని పక్కనున్న సామానంతా కొంచెం పక్కకు జరుగుతుంది. ప్రాసెసర్ మెమరీని గళ్లు గళ్లుగా అందుకుంటుంది. కావలసింది ఒకే గడిలో పడితే ఒక్కసారి చెయ్యి చాపితే చాలు. జరిగి జరిగి రెండు గళ్ల మధ్య గీత మీద పడితే రెండుసార్లు చాపాలి. ఆ పరీక్ష కోట్లసార్లు అలా చెయ్యి చాపేది. ఇక ఆ అయిదు ఎక్కడిదంటే, శీర్షిక మరీ పొడవైతే కాటా ఒక హద్దు దగ్గర కత్తిరించి ఫోల్డర్ పేరు పెడుతుంది. నత్త రాసే శీర్షికలు ప్రతీదీ ఆ హద్దును దాటేవే. కత్తిరించాక అన్నీ ఒకే పొడవు. అన్నీ ఒకే గీత మీద పడ్డాయి. అన్నింటికీ అదే అయిదు.

అయినా జల్లెడ కదా, అంతటితో నమ్మలేదు. ఎవరూ ఏ మార్పూ చేయని పాత కెర్నల్‌నే తీసుకుంది. దానికి ఒకటే అక్షరం వరసగా నొక్కి, హద్దు దాటేంత పొడుగు పేరు పెట్టి కాటాకు ఎక్కించింది. మైనస్ అయిదు. ఏ పాపమూ ఎరగని కెర్నల్, పేరు పొడుగైన పాపానికి నెమ్మదైపోయింది.

సంతోషం వస్తుందనుకుంది, రాలేదు. రెండేళ్ల మెయిళ్లు ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. ఊగే ముల్లును పట్టడం తనకు వచ్చు. అసలు మొగ్గిపోయి, మొగ్గిన చోట బిగుసుకుపోయిన ముల్లు కూడా ఊగదని తనెందుకు అనుకోలేదు? ఎంత నిలకడగా ఉంటే అంత నిజమని నమ్మింది. ఆ నమ్మకంతో ఒక మనిషి పరువు మీద ప్రతిసారీ చేత్తో సంతకం పెట్టింది. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

మేనేజరు మీటింగుకు బయల్దేరుతుంటే మెట్ల దగ్గర పట్టుకుంది. చెప్పింది. ఆయన రెండు మెట్లు దిగినవాడు ఒక మెట్టు ఎక్కాడు.

"అంటే పొడుగు పేరు పెడితే స్లో అవుతుందా?"

"కెర్నల్ అవదు సార్. మన పరీక్ష అవుతుంది. ఆయన తప్పు ఏమీ లేదు. అన్నీ తిరిగి నడిపితే గానీ పూర్తిగా చెప్పలేను, కానీ ఇవాళ ఆ గ్రాఫు చూపించడానికి లేదు."

"సరే. ఆయన పేరు తీసేస్తాను. కాటాను చడీచప్పుడు లేకుండా సరిచేసేయండి. ఇది బయటికొస్తే రేపటి నుంచి ప్రతివాడూ నాది కూడా నిజం కాదేమో అంటాడు. మీకే తలనొప్పి."

"అననీయండి."

"మేడమ్..."

"నిజం, నిజం అని రెండేళ్లు అందరికీ తెలిసేలా పంపాను సార్. కాదని మాత్రం ఆయనొక్కడి చెవిలో చెప్పమంటారా? అందరికీ రాస్తాను. మీరు ఒప్పుకుంటే మీకు చెప్పి రాస్తాను, లేకపోతే చెప్పకుండా రాస్తాను."

మేనేజరు వాచీ చూసుకుని, తల గోక్కుని, "మీతో నాకెందుకు, రాయండి" అని మెట్లు దిగిపోయాడు.

రాసింది. మెయిల్ పంపాక నత్త సీటు వైపు చూసింది. ఆయన అప్పటికే సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నెలు సర్దినవే సర్దుతూ జరిగినదంతా చెబుతుంటే భర్త గుమ్మంలో నిలబడి విన్నాడు.

"కాటాది తప్పు. దానికి నీకెందుకింత?"

"కాటా ఎప్పుడూ ఆయన్ని నత్త అనలేదండీ. దానికి ఆయనెవరో కూడా తెలీదు. మనిషిని అన్నది మేము. ఆయనకెంత కష్టంగా ఉండి ఉంటుందో ఒక్కరోజన్నా ఆలోచించానా?"

ఆయన లోపలికొచ్చి గిన్నెలు అందిస్తూ పక్కన నిలబడ్డాడు. లోపల్నుంచి అత్తగారు, "ఆ గిన్నెలకి కూడా మూడుసార్లు చూస్తోందేమిట్రా?" అంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

తర్వాత కాటాను సరిచేశారు. ఇప్పుడు ఫోల్డర్లన్నింటికీ ఒకే పొడవు నంబర్లు. పాత మార్పులన్నీ తిరిగి నడిపింది. ఆయనవాటిలో ఒక్కటి మాత్రం నిజంగానే నెమ్మదిది. మిగతావి నెమ్మది కాకపోవడం అటుంచి, కొన్ని మంచి వేగం తెచ్చినవి. అయితే వాటిలో చాలావాటిని ఆయన అప్పుడే వెనక్కి తీసేసుకున్నాడు. కొన్నింటిని ఆవిడ మెయిల్ చూసి, బాగున్న పనిని విరిచి, వంకర చేసి, మళ్లీ పంపాడు. ఆ వంకర పని ఇప్పటికీ కెర్నల్‌లో ఉంది. ఇవన్నీ ఆవిడ ఆయనకు చెప్పింది. క్షమించమంది. "అయ్యో, మీరేం చేస్తారండీ, అది చూపించినదే మీరు చెప్పారు" అన్నాడు. ఆయన మర్యాద ఆవిడకు పుండు మీద కారంలా తగిలింది.

ఆఫీసు కూడా మారింది. కుర్రాళ్లు ఆయన్ని నత్త అనడం మానేసి "సార్" అంటున్నారు. మేనేజరు కనబడితే భుజం తడుతున్నాడు. అంతా సర్దుకుందని అందరూ అనుకున్నారు. ఆవిడకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఎందుకంటే ఆయన మార్పులు వస్తూనే ఉన్నాయి గానీ, వాటి శీర్షికలు మారిపోయాయి. "మార్పు". "సవరణ". "ఇంకో సవరణ". వారం వారం చూసింది. అలవాటు మీద ఏదో ఒక రోజు మళ్లీ పొడుగు మాట వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఒక రోజు "దిద్దుబాటు" అని ఒకటి వచ్చింది. లోపల చూస్తే వరుసలన్నీ అటువి ఇటు, ఇటువి అటు చేసి ఉన్నాయి. ఎందుకు చేశాడో ఎంత చూసినా ఆవిడకు అర్థం కాలేదు. తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఇది దేనికండీ?"

ఆయన చెప్పాడు. నెమ్మదిగా, వివరంగా, వేళ్లు తెర మీద పెట్టి చూపిస్తూ చెప్పాడు. ఎంతో అందమైన పని. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ఒకే ఫైలు అడిగితే, చిన్న పని ఉన్నదాన్ని ముందు పోనిస్తుంది.

"ఇంత బాగా చెబుతున్నారు, ఇదంతా శీర్షికలో రాయొచ్చుగా? ఇప్పుడెంత రాసినా ఏం కాదు. సరిచేశామని చెప్పాను కదా."

"తెలుసండీ." ఆయన చూపు దించుకున్నాడు. "రాద్దామనే కూర్చుంటాను. రెండు మాటలు పడగానే, ఇంకొకటి వేస్తే ఎంత తగ్గుతుందోనని చెయ్యి ఆగిపోతుంది. పిచ్చి భయం. ఇంట్లో కూడా మా ఆవిడ అంటోంది, మీరు మాట్లాడటం తగ్గించేశారని."

ఆవిడ పక్క సీటు కుర్చీ లాక్కుని కూర్చుని, కీబోర్డు తన వైపు తిప్పుకుంది.

"చెప్పండి. నేను కొడతాను."

"ఎందుకండీ, పరవాలేదు..."

"చెప్పండి."

ఆయన చెప్పసాగాడు. "ఫైలు కోసం ఇద్దరు ఒకేసారి వచ్చినప్పుడు..." ఆవిడ కొట్టింది. "...తక్కువ పని ఉన్నవారిని ముందు పంపడం..." కొట్టింది. ఆయన ఆగి, "చాలండీ" అన్నాడు. "ఎందుకో చెప్పలేదు మీరు" అంది. ఆయన కొంచెంసేపు మెడ గుండీ తిప్పుకుని, "ఎందుకంటే వాళ్లు వెళ్లిపోతే, మిగిలినవారు కూడా అంత ఎక్కువసేపు కాచుకోనక్కర్లేదు" అన్నాడు. అదీ కొట్టింది. శీర్షిక పెట్టె చాలక అక్షరాలు ఎడమవైపు లోపలికి జరిగిపోయాయి. పంపే మీట ఆయన్నే నొక్కమంది. నొక్కాడు.

కాటా తీసుకుంది. నడుస్తున్నంతసేపూ ఆయన తెర మీద నుంచి కళ్లు తీయలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని పరీక్ష ఫలితం కోసం కూర్చున్న పిల్లాడిలా కూర్చున్నాడు. పదిసార్లూ అయ్యాయి. పదిసార్లూ ప్లస్ రెండు శాతం. ఎక్కడా ఊగలేదు. కెర్నల్ వేగం పెరిగింది.

ఆయన ఆ అంకెను చూశాడు. దగ్గరికి వంగి మళ్లీ చూశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"పోనీ, 'మార్పు' అని పెట్టి కూడా ఒకసారి చూద్దామాండీ?"

ఆవిడ తల ఊపి, ఆ పేరుతో మళ్లీ ఎక్కించింది.